అంకెలు చదివి ఉక్కును చెక్కు యంత్రము

మానుకోట సీమకు ఇనుము క్రొత్త వస్తువు కాదు. బయ్యారము కొండలలో ఇనుపరాయి కలదు. ఆ బయ్యారమందే కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ చెరువు కట్టించి శాసనము వేయించినది. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో నిలిపిన రామప్పగుడి స్తంభములను చూచినవారు, అంత గట్టి నల్లరాతిని అంత నునుపుగా తీర్చిన చేయి ఎట్టిదో యని నేటికిని విస్మయపడుదురు. జనగామ చేరువనున్న పెంబర్తిలో ఇత్తడి రేకును సుత్తితో కొట్టి రూపము తెచ్చు విద్య ఇంకను జీవించియున్నది.

ఈ పనులన్నిటికి సమానమైన లక్షణమొకటి కలదు. కొలత పనివాని కంటిలోను మణికట్టులోను ఉండెను. కొడుకునకో శిష్యునకో అది సంక్రమింపనిచో అతనితోనే అంతరించెడిది. ఆ కొలత చేతినుండి కాగితమునకును, కాగితమునుండి యంత్రమునకును చేరిన చరిత్ర తెలిసికొనదగినది.

తరిమెన మన పూర్వులు ఎరిగినదే. అందు కట్టె తిరుగును, ఉలి నిలిచియుండును. మిల్లింగు యంత్రములో పెక్కు పండ్లుగల ఉలి తిరుగుచు లోహమును కొరుకును. లోహము బల్లపై బిగింపబడి దానిక్రిందుగా నడచును. అమెరికాలో జోసెఫ్ బ్రౌన్ 1862లో నిర్మించిన మిల్లింగు యంత్రము, బెజ్జములు వేయు బరమాలపై మెలికగాళ్లు కోయుటకు పుట్టి, సకల కర్మాగారములకు వ్యాపించెను. అయినను దాని చక్రములను త్రిప్పుటకు ఆరితేరిన మనుష్యుని చేయి వలసియుండెను.

1940 దశకమున జాన్ పార్సన్స్ అనునతడు హెలికాప్టరు రెక్కలు చేయించుచు, వంపుపై పెక్కు బిందువులను లెక్కకట్టి, ఒక్కొక్క బిందువునకు ఉలిని నడిపినచో రెక్క నిర్దుష్టముగా వచ్చునని కనుగొనెను. ఆ యూహను పట్టుకొని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమువారు 1952లో, చిల్లులు పొడిచిన కాగితపు పట్టీని చదివి తానై నడచు మిల్లింగు యంత్రమును లోకమునకు చూపిరి. చిల్లుల అట్టలతో మగ్గమును నడపు పద్ధతి ఫ్రాన్సులో జాకార్డు 1804 నాటికే నెలకొల్పియుండెను. తరువాత కాగితపు పట్టీకి మారుగా కంప్యూటరు వచ్చినది. అదియే నేటి సి.ఎన్.సి. యంత్రము.

దీని మర్మము పల్లెవారికి దుర్గ్రాహ్యము కాదు. భూమి కొలతల టిప్పనులో ఒక ఆధారరేఖ గీచి, దానినుండి ప్రతి మూలకు ఎంత దూరమో అంకెలు వేయుదురు. పొలమును ఎన్నడు చూడని సర్వేదారుడు సైతము ఆ అంకెలను బట్టి గెట్లు నిలుపగలడు. యంత్రమునకిచ్చు ఆదేశపత్రము అట్టి టిప్పనే. పొలమునకు నిడివి, వెడల్పు చాలును. లోహపు ముద్దకు లోతు కూడ కావలెను. ఈ మూడును మూడక్షములు.

ఐదక్షములేల? వడ్రంగి నాగలి చెక్కునపుడు కుడిచేతి బాడిసె ఆడుచుండగా, ఎడమచేయి కట్టెను ఒరగించుచు త్రిప్పుచుండును. ఆ ఒరగింపు, ఆ త్రిప్పు తక్కిన రెండక్షములు. టర్బైను ఆకులు, ఓడ చోదకచక్రములు, రాకెట్టు పంపుల చక్రములు మెలికతిరిగిన వంపులు గలవి. ఉలి అన్ని కోణములనుండి సమీపించినగాని వానికి రూపము రాదు. మరియొక లాభము కలదు. గొలుసు ఎత్తి మరల వేసిన ప్రతిసారి కొలతలో కొంత తప్పు చేరునట్లే, లోహమును విప్పి మరల బిగించిన ప్రతిసారి తేడా చేరును. ఐదక్షముల యంత్రము ఒక్క బిగింపులోనే పెక్కు ముఖములను ముగించును. అందుచే వెండ్రుక మందములో పదియవ వంతు తేడా సైతము రానీయక పని సాగును.

తెలంగాణమున ఈ విద్యకు పునాది రెండవ ప్రపంచయుద్ధ కాలమున పడినది. 1943లో సికింద్రాబాదున ప్రాగా టూల్సు స్థాపింపబడెను. యంత్రములను చేయు యంత్రములు, అనగా మాతృయంత్రములు, అందు తయారైనవి. 1953లో బెంగుళూరున హెచ్.ఎం.టి. వెలసి, పిమ్మట హైదరాబాదునకు విస్తరించెను. 1968లో ఐక్యరాజ్యసమితి సహాయముతో బాలానగరున కేంద్రీయ పనిముట్ల రూపకల్పనా సంస్థ ఏర్పడెను. 1970లో అచ్చటనే ఎం.టి.ఏ.ఆర్. అను ప్రైవేటు కర్మాగారము పుట్టినది. 1974 పోఖ్రాన్ ప్రయోగము పిమ్మట కెనడా సహాయము నిలిపివేయగా, అణు విద్యుత్కేంద్రముల భాగములను దేశమందే చేసికొనవలసి వచ్చెను. ఆ పనిలోను, అంతరిక్ష నౌకల వికాస్ ఇంజనుల నిర్మాణములోను ఈ సంస్థ పాలుగొనెను. 2023లో చంద్రయానము–3ను మోసిన వాహనమున రెండు వికాస్ ఇంజనులు మండినవి.

ఇట్టి యంత్రములను అగ్రరాజ్యములు ఆయుధములవలె కాపాడుకొనుచున్నవి. 1980 దశకారంభమున జపానులోని తోషిబా మెషీన్ సంస్థ తొమ్మిదక్షముల యంత్రములను రహస్యముగా సోవియట్ రష్యాకు అమ్మెను. వానితో జలాంతర్గాముల చోదకచక్రములు చప్పుడు తగ్గినవని అమెరికా ఆరోపించెను. 1987లో ఆ దేశపు శాసనసభ్యులు తోషిబా రేడియోను సమ్మెటలతో బహిరంగముగా పగులగొట్టిరి. 1996 నాటి వాసెనార్ ఒప్పందము క్రింద ఐదక్షముల మేలైన యంత్రముల ఎగుమతి అనుమతులకు లోబడియున్నది. భారతదేశము 2017లో ఆ కూటమిలో చేరెను. ఇతరులు ఇచ్చిననే పని, ఈయకున్న పస్తు అను స్థితి స్వతంత్రదేశమునకు తగదు.

ఇందు కష్టము లేకపోలేదు. ఈ యంత్రము వచ్చినచోట చక్రములు త్రిప్పు చేతుల అవసరము తగ్గినది. ప్రాగా టూల్సే 1988లో హెచ్.ఎం.టి.కి అనుబంధమై, కాలక్రమమున అందు లీనమయ్యెను. చేతినేర్పుతో బ్రతికినవారి నష్టమును అభివృద్ధి పేరిట తేలికగా కొట్టివేయుట న్యాయము కాదు. కాని యంత్రము తానుగా ఆలోచింపదు. పటము చదువువాడు, లోహము గుణమెరిగినవాడు, ఉలి యరుగుదలను శబ్దముచే పసిగట్టువాడు నేటికిని కావలెను. ఒక్క అంకె తప్పినచో విలువైన లోహము, ఉలి రెండును పాడగును.

2023లో కాజీపేటయందు రైల్వే కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. 2024లో రాష్ట్రప్రభుత్వము 65 ఐ.టి.ఐ.లను ఉన్నత సాంకేతిక కేంద్రములుగా మార్చు పనికి పూనుకొనెను. పల్లెబిడ్డ ఆ తలుపు తట్టుటకు ముందు త్రికోణమితి, యంత్రపటములు చదువు నేర్పు ఎరిగియుండవలెను. కావున గ్రంథాలయములలో భారత భాగవతముల ప్రక్కనే ఈ శాస్త్రముల తెలుగు పుస్తకములకు ఒక బీరువా ఏర్పరచి, సాయంకాలము వానిని చదివి చెప్పు పెద్దనొకనిని నియమించుట, పాతికేండ్లు నిండిన సంస్థకు తగిన తరువాతి పని.