ఉద్యోగమే పారితోషికం: టాటానగర్ నుంచి చూస్తే ఆటగాళ్ల సంపాదన చరిత్ర

మన దేశంలో ఆటగాడి చేతికి డబ్బు ఎప్పటి నుంచి వచ్చిందని అడిగితే దాదాపు అందరూ ఒకే కథ చెబుతారు. 1983లో ప్రపంచకప్ గెలిచాం, ఇంటింటికీ టీవీ వచ్చింది, ప్రకటనలు వచ్చాయి, 2008లో ఐపీఎల్ వచ్చింది. అంతకు ముందున్న వాళ్లంతా దేశం మీద ప్రేమతో, ఆట మీద మోజుతో, పస్తులుండి ఆడారట. 2021లో అమెరికా కళాశాలల ఆటగాళ్లకు తమ పేరు మీద సంపాదించుకునే వీలు దొరికాక ఈ కథకు ఇంకో తోక చేరింది: చదువుకునే వయసులో ఆటతో సంపాదించడం మనకు కొత్త, అది అమెరికా వాళ్ల వ్యవహారం అని.

ఈ రెండు మాటలూ నాకు సరిగా తోచవు. టాటానగర్ అని మనం పిలిచే జంషెడ్‌పూర్ చరిత్ర దగ్గరగా చూసిన వాళ్లెవరికీ తోచవనుకుంటాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వెళ్లి అక్కడే స్థిరపడిన మన కుటుంబాలు ఎన్నో. ఊళ్లో ఇప్పటికీ ‘టాటా వెళ్లాడు’ అంటే ఉద్యోగం దొరికిందనే అర్థం. ఆటగాడి చరిత్రను కూడా ఆ ఉద్యోగం వైపు నుంచే చూడాలి.

ఆటకు బయటి డబ్బు చేరిన తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. అమెరికాలో రెండు కళాశాలల మధ్య జరిగిన మొట్టమొదటి పోటీ 1852 నాటి హార్వర్డ్, యేల్ పడవ పందెం. ప్రయాణికులు పెరుగుతారన్న ఆశతో దాని ఖర్చు భరించింది ఒక రైల్వే కంపెనీ. మన దగ్గర ఆ పాత్ర సంస్థానాధీశులది. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడును 1923లో హోల్కర్ మహారాజు ఇందోర్‌కు రప్పించి తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చాడు. ఆ హోదా ఇచ్చింది ఆయన బ్యాటు చూసి. 1941లో ఒక లివర్ టానిక్ ప్రకటనకు నాయుడు తన పేరు ఇచ్చాడు. మన క్రికెటర్లలో ఒక సరుకుకు ప్రచారం చేసిన మొదటివాడు ఆయనే అంటారు. అంటే టీవీకి నలభై ఏళ్ల ముందే ఒక తెలుగువాడి పేరుకు బజారులో ధర పలికింది. విజయనగరం మహారాజకుమారుడు విజ్జీ 1930-31లో హాబ్స్, సట్‌క్లిఫ్‌లను తన జట్టులో ఆడించడానికి ఇంగ్లండ్ నుంచి రప్పించాడు. దొరాబ్జీ టాటా 1920లో ఆంట్‌వర్ప్ ఒలింపిక్స్‌కు మన వాళ్లను పంపడానికి తన సొమ్ము ఇచ్చాడు, 1927లో భారత ఒలింపిక్ సంఘానికి తొలి అధ్యక్షుడయ్యాడు.

జంషెడ్‌పూర్ గురించి రాసే వాళ్లందరూ జమ్‌షెట్జీ టాటా 1902లో కొడుకు దొరాబ్జీకి రాసిన ఉత్తరం ఎత్తుకుంటారు. కట్టబోయే ఊళ్లో ఫుట్‌బాల్‌కీ హాకీకీ విశాలమైన స్థలాలు విడిచిపెట్టమని ఆయన అందులో చెప్పాడు. అది నిజమే, గొప్ప మాటే. కానీ ఆ ఒక్క ఉత్తరంతో ఊరి క్రీడాచరిత్ర మొత్తాన్ని ఒక కుటుంబం ఔదార్యంగా చెప్పేయడం నాకు సమ్మతం కాదు. ఔదార్యం మైదానం ఇస్తుంది. ఆ మైదానంలో ఇరవై ఏళ్ల కుర్రాడు పదేళ్లపాటు రోజూ సాయంత్రం పరిగెత్తాలంటే ఇంట్లో పొయ్యి వెలగాలి. దాన్ని వెలిగించింది నెల జీతం.

ఇక్కడే అసలు వివాదం. 1950 నుంచి 1980ల దాకా గడిచిన కాలాన్ని మన క్రీడా రచయితలు ‘అమెచ్యూర్ యుగం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ కాలపు అతి పెద్ద విజయాలు చూస్తే ఆ పేరు నిలవదు. పి.కె. బెనర్జీ జంషెడ్‌పూర్‌లో పెరిగిన కుర్రాడు. పదిహేనేళ్లకే సంతోష్ ట్రోఫీలో బిహార్ తరఫున ఆడాడు. 1954లో కలకత్తా వెళ్లి ఏడాది తిరగకుండానే ఈస్టర్న్ రైల్వేలో చేరాడు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అంతటి పేరున్న క్లబ్బులు పక్కనే ఉన్నా ఆటగాడిగా ఉన్నంత కాలం రైల్వే జట్టు వదల్లేదు. ఆ జట్టే 1958లో కలకత్తా లీగ్ గెలిచింది. ఆయన రైల్వేను వదలకపోవడాన్ని విశ్వాసానికి ఉదాహరణగా చెబుతారు. విశ్వాసం ఉండే ఉంటుంది. అయినా మధ్యతరగతి ఇంటి కొడుకుకు రైల్వే ఉద్యోగమంటే ఏమిటో ఆలోచించకుండా ఆ నిర్ణయం అర్థం కాదు. క్లబ్బు డబ్బు ఈ సీజన్‌కు. రైల్వే జీతం మోకాలు విరిగినా వచ్చేది, తర్వాత పింఛనూ వచ్చేది.

హైదరాబాద్ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టు పేరే హైదరాబాద్ సిటీ పోలీస్. ఆటగాళ్లు పోలీసులు. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ బడిపంతులుగా పనిచేసినవాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం రహీమ్ శిక్షణలో వచ్చినవే. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియా మీద రెండు గోల్స్‌లో ఒకటి జంషెడ్‌పూర్‌లో పెరిగిన బెనర్జీది. రైల్వే, పోలీసు శాఖల జీతాలు లేకపోతే ఆ రోజు మైదానంలో ఆ జట్టు ఉండేది కాదని నా నమ్మకం.

అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం అప్పట్లో డబ్బు తీసుకున్న ఆటగాడిని దగ్గరికి రానిచ్చేది కాదు. జీతం మాత్రం పనికి ఇచ్చేది కాబట్టి నిబంధనకు అడ్డు రాలేదు. ఇదే కాలంలో అమెరికాలో ఏం జరిగిందో చూడండి. 1955లో కొలరాడోలో ఒక కళాశాల ఫుట్‌బాల్ ఆటగాడు ఆటలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. ఉద్యోగి చనిపోతే ఇచ్చే పరిహారం ఇమ్మని భార్య అడిగింది. ఫుట్‌బాల్ ఆ కళాశాల వ్యాపారం కాదని, అతను ఉద్యోగి కాదని 1957లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తర్వాతి అరవై ఏళ్లు ఆ దేశంలో కళాశాల క్రీడల వాదనంతా దీని మీదే నడిచింది: వాడు విద్యార్థి, కార్మికుడు కాడు, కాబట్టి జీతం ఇవ్వక్కర్లేదు. మనం సరిగ్గా తలకిందులుగా చేశాం. జీతం ఇవ్వడం కోసం ఆటగాడిని కార్మికుడిగా, గుమాస్తాగా, కానిస్టేబుల్‌గా నమోదు చేసుకున్నాం. నన్నడిగితే మన పద్ధతే మానవీయమైనది. అది తక్కువ మందికి అందిందన్నదీ నిజం.

ఎందుకంటే ఆ ఉద్యోగాలు ఎక్కువగా మగవాళ్లవి, ఎక్కువగా జట్టు ఆటలవి. ఆట అయిపోయాక మిగిలేది చాలామందికి చిన్న హోదా, నెమ్మదిగా వచ్చే పదోన్నతి. ధోనీ 2001 నుంచి 2003 వరకు ఖరగ్‌పూర్ స్టేషన్‌లో టికెట్లు తనిఖీ చేశాడు. చివరికి ఆ ఉద్యోగం వదులుకుంటేనే అతని ఆట ముందుకు సాగింది. ఆసరా సంకెల కూడా అయిందని ఒప్పుకోవాలి. ఆడవాళ్ల విషయంలో 1984 ఒక మలుపు. ఆ ఏడాది మే 23న ఎవరెస్ట్ ఎక్కిన బచేంద్రి పాల్‌ను టాటా స్టీల్ ఉద్యోగంలోకి తీసుకుని సాహస క్రీడల సంస్థ అప్పగించింది. ఆమె తర్వాతి తరానికి శిక్షణ ఇచ్చింది. జంషెడ్‌పూర్ గృహిణి ప్రేమలత అగర్వాల్ 2011లో ఎవరెస్ట్ ఎక్కడానికి ఆ శిక్షణే దారి.

1987లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ, 1996లో టాటా ఆర్చరీ అకాడమీ వచ్చాక వరస మారింది. అంతకు ముందు కంపెనీ తయారైన ఆటగాడిని తీసుకునేది. ఇప్పుడు మీసం రాని పిల్లవాడిని తీసుకుని తిండి, బస, బడి, శిక్షణ ఇచ్చి తయారు చేసింది. అమెరికా కళాశాల స్కాలర్‌షిప్‌కు మన దేశంలో అతి దగ్గరి పోలిక ఇదే. అయితే దాని చుట్టూ ఉన్నది విశ్వవిద్యాలయం కాదు, కర్మాగారం. కార్ల్‌టన్ చాప్‌మన్, రెనెడీ సింగ్, మహేశ్ గావ్లీ, దీపక్ మండల్, సుబ్రత పాల్ ఈ ఫుట్‌బాల్ అకాడమీ పిల్లలే. చాప్‌మన్ 1993లో బయటికి వచ్చి ఈస్ట్ బెంగాల్ చేరాడు, తర్వాత పంజాబ్ జట్టు జేసీటీకి వెళ్లి 1996-97లో తొలి జాతీయ లీగ్ గెలిచాడు. తయారు చేసినది జంషెడ్‌పూర్, డబ్బు ఇచ్చినది కలకత్తా, పంజాబ్. ఆ ఊరికే సొంత పెద్ద జట్టు రావడానికి 2017 దాకా, జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ దాకా ఆగాల్సి వచ్చింది.

ఆర్చరీ దగ్గర ఇంకొక అపోహ తొలగించాలి. దీపికా కుమారి గురించి ఎవరు రాసినా 2006లో అకాడమీలో ఆమెకు నెలకు 500 రూపాయలు ఇచ్చేవారని రాస్తారు. తండ్రి ఆటో నడిపేవాడు, ఆమె మొదట వెదురు విల్లుతో నేర్చుకుంది. ఆ 500 చదివి ‘అయ్యో’ అనుకుంటాం. అసలు లెక్క వేరే చోట ఉంది. అంతర్జాతీయ పోటీలో వాడే రికర్వ్ విల్లును ముక్కలు ముక్కలుగా కొంటారు: మధ్య పట్టు, పైనా కిందా రెక్కలు, వణుకు ఆపే కడ్డీలు, గురి చూసే పరికరం. అన్నీ కలిపితే లక్షల్లో తేలుతుంది. మేలు రకం కార్బన్ బాణాలు డజను కొనాలన్నా ముప్పై నలభై వేలు కావాలి. అవి అరుగుతాయి, విరుగుతాయి, మళ్లీ కొనాలి. రాంచీ దగ్గర రాతు గ్రామపు ఆటో డ్రైవర్ ఇంటికి ఆ ఖర్చు అసాధ్యం. కాబట్టి ఆమెకు దక్కిన పోషణ ఆ 500 రూపాయల నోటులో కాదు, ఆ విల్లులో, హాస్టల్ అన్నంలో, పూర్ణిమా మహతో వంటి గురువు దగ్గర గడిపిన గంటల్లో ఉంది. మూడేళ్లు తిరక్కుండా, 2009లో అమెరికాలోని ఆగ్డెన్‌లో ఆమె ప్రపంచ క్యాడెట్ చాంపియన్ అయింది. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో రెండు బంగారు పతకాలు గెలిచింది.

పేరు మీద డబ్బు వచ్చేది ఆ తర్వాతే, శిఖరం మీద నిలబడిన వాళ్లకే. హైదరాబాద్‌లో సానియా మీర్జాకు పిల్లప్పుడే జీవీకే వాళ్లు అండగా నిలిచారు. పి.వి. సింధు సెయింట్ ఆన్స్ కళాశాల విద్యార్థినిగా ఉండగానే 2013లో భారత్ పెట్రోలియంలో ఉద్యోగి అయింది. 2019లో లీ నింగ్ కంపెనీతో ఆమె కుదుర్చుకున్న నాలుగేళ్ల ఒప్పందం విలువ 50 కోట్లని పత్రికలు రాశాయి. ఒకే మనిషిలో ఉద్యోగ యుగమూ ప్రకటనల యుగమూ కలిసి కనబడతాయి. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచి కూల్‌డ్రింక్ ప్రకటన కాదన్న గోపీచంద్, తర్వాత అకాడమీ కట్టడానికి సొంత ఇల్లు తాకట్టు పెట్టాల్సి వచ్చింది. నిమ్మగడ్డ ప్రసాద్ ఇచ్చిన 5 కోట్ల విరాళం దానికి తోడైంది.

అమెరికాలో ఇప్పుడు గేట్లు పూర్తిగా తెరుచుకున్నాయి. 2021 జూలై 1 నుంచి విద్యార్థి తన పేరు అమ్ముకోవచ్చు. పూర్వ విద్యార్థులూ అభిమానులూ నిధులు పోగేసి ఆటగాళ్లకు ఒప్పందాలు కుదిర్చే సంఘాలు పుట్టాయి. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీతో ఒక్కో విశ్వవిద్యాలయం ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్ల దాకా నేరుగా పంచవచ్చు. అయినా ఎఫ్-1 విద్యార్థి వీసా మీద అక్కడ చదివే మన పిల్లలకు ఆ సంపాదన దాదాపు మూసిన తలుపే. అక్కడే పుట్టిన తెలుగు కుర్రాడు నిశేష్ బసవరెడ్డి 2024 చివర స్టాన్‌ఫోర్డ్ తరఫున ఆడటం వదులుకుని ప్రొఫెషనల్ టెన్నిస్‌లోకి వెళ్లాడు. వాళ్ల పద్ధతిని మనం గుడ్డిగా మెచ్చుకోవలసిన పని లేదు. అక్కడ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడే మగపిల్లల చేతికే సొమ్ములో పెద్ద భాగం పోతోంది.

మన ఇప్పటి స్థితీ నాకు సంతోషం కలిగించడం లేదు. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టమంది, ఆ జాబితాలో క్రీడాశిక్షణ ఉంది. మంచిదే. కానీ ప్రచార లాభం కోసం చేసే స్పాన్సర్‌షిప్ ఆ ఖర్చు కిందకు రాదు. అంటే పేద పిల్లకు అందే సొమ్ము ఎప్పటికీ దానమే, ఆమె పేరుకు వచ్చే హక్కు కాదు. హక్కుగా వచ్చేది పతకం గెలిచాకే. మధ్యలో ఉన్న వేలమందికి పాత ఉద్యోగాలు తగ్గుతున్నాయి, కొత్త కాంట్రాక్టులకు పూచీ లేదు. 2025 జూలైలో ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ సీజన్ నిలిపివేస్తున్నట్టు ప్రకటించాక కొన్ని క్లబ్బులు జీతాలే ఆపేశాయి. రైల్వే జట్టులో ఉన్న బెనర్జీకి అలాంటి నెల ఒక్కటీ రాలేదు.

పద్దెనిమిది నిండని వాళ్లు సంతకం పెట్టిన ఒప్పందం మన చట్టంలో చెల్లదు. అందుకే సంతకం తండ్రో తల్లో పెడతారు, తరచూ చదవకుండానే పెడతారు. అకాడమీలు నడిపే వాళ్లను నేను అడిగేది ఇదే. పిల్లవాడిని చేర్చుకునే రోజునే వాడి పేరు, బొమ్మ ఎవరు ఎంతకాలం వాడుకుంటారో, గాయపడితే ఎవరు చూస్తారో, ఆట కుదరకపోతే ఏ చదువు, ఏ పని దొరుకుతుందో తల్లిదండ్రుల భాషలో కాగితం మీద రాసి ఇవ్వండి. తల్లిదండ్రులారా, ఆ కాగితం చేతికి రాకుండా బిడ్డను పంపకండి.