చెత్త పడేసొస్తానని వెళ్లి...

2016 అక్టోబరు 27, గురువారం. జపాన్‌లోని యొకోహామా. పొద్దున్నే ఓ ఇంటి ముందు నుంచి బుల్లి ట్రక్కు ఒకటి బయల్దేరింది. నడుపుతున్న పెద్దాయనకు 87 ఏళ్లు. చెత్త పడేయడానికి బయటికొచ్చానని తర్వాత పోలీసులకు చెప్పాడు. ఎంతసేపటి పని అది?

మధ్యాహ్నం దాటింది, రాలేదు. దీపాలు పెట్టే వేళయింది, రాలేదు.

ట్రక్కు యొకోహామా దాటి కవాసాకి వైపు వెళ్లింది. అక్కడి నుంచి టోక్యో. ఎటు పోతున్నాడో, ఎందుకు పోతున్నాడో ఆయనకు తెలియదు. ఎక్కడెక్కడ తిరిగారని అడిగితే గుర్తులేదన్నాడు. ఆ రాత్రంతా ఇంటికి చేరనేలేదు.

దారే తెలియని మనిషి అంతసేపు బండెలా నడిపాడు? ఆయనకున్న జబ్బు అల్జీమర్స్. అది మొదట్లోనే దెబ్బతీసేది హిప్పోక్యాంపస్‌ని. కొత్త జ్ఞాపకం నిలవాలంటే మెదడులో ఆ భాగం పనిచేయాలి. అది పాడైతే ఎందుకు బయల్దేరామో, ఇందాక ఏ మలుపు తిరిగామో జారిపోతాయి. గేరు మార్చడం, ఎర్రలైటు చూడగానే కాలు బ్రేకు మీదికి పోవడం లాంటి పాత అలవాట్లు మాత్రం మెదడులో వేరేచోట ఉంటాయి. అవి అంత తొందరగా పోవు. అందుకే పక్కన కూర్చున్నవాళ్లకూ అనుమానం రాదు. కళ్లకు గంతలు కట్టినా గానుగెద్దు అడుగు తప్పదు కదా! కాకపోతే గానుగ దారిలోకి బడిపిల్లలు రారు.

మర్నాడు ఉదయం ఎనిమిది గంటల వేళ, యొకోహామాలోని కోనాన్ వార్డు. జపాన్‌లో చాలాచోట్ల ఒక వీధి పిల్లలంతా కలిసి వరుసగా నడుచుకుంటూ బడికెళ్తారు. పెద్ద తరగతుల వాళ్లు చిన్నవాళ్లను కనిపెట్టుకుని ఉంటారు. ఆ రోజూ అలాగే వెళ్తున్నారు. ట్రక్కు ముందున్న కారును గుద్ది, ఆ వరుస మీదికి దూసుకొచ్చింది. ఒకటో తరగతి పిల్లాడు చనిపోయాడు. ఆరేళ్లవాడు. ఇంకొందరు పిల్లలు గాయపడ్డారు.

పెద్దాయనను అరెస్టు చేశారు. తర్వాత నెలల తరబడి వైద్య పరీక్షలు జరిగాయి. అల్జీమర్స్ అని తేలింది. తాను బండి నడపకూడని స్థితిలో ఉన్నానన్న ఎరుక ఆయనకు ఉందని చెప్పలేమంటూ 2017 మార్చి 31న ప్రాసిక్యూటర్లు కేసు పెట్టకుండా వదిలేశారు. చట్టం ప్రకారం అది సబబే కావచ్చు. పిల్లాణ్ణి పోగొట్టుకున్న ఇంటికి ఆ మాట ఎలా వినపడి ఉంటుందో!

విచిత్రం ఏమిటంటే ఈయన పరీక్ష పాసైన మనిషే. జపాన్‌లో 75 దాటినవాళ్లు లైసెన్సు రెన్యువల్‌కి వెళ్తే జ్ఞాపకశక్తి పరీక్ష పెడతారు. ఇవాళ తేదీ ఎంతో రాయాలి. 16 బొమ్మలు చూపిస్తారు, కాసేపాగి అవేమిటో చెప్పాలి. అప్పట్లో గడియారం గీసి, అడిగిన టైముకు ముళ్లు పెట్టమనేవారు కూడా. 2013లో ఆయన ఇవన్నీ దాటాడు. మళ్లీ పరీక్ష మూడేళ్లకు. జబ్బు మూడేళ్లు ఆగుతుందా?

ఈ లొసుగు ప్రభుత్వానికి తెలియనిదేం కాదు. కొన్ని రకాల ట్రాఫిక్ తప్పులు చేసి పట్టుబడిన 75 ఏళ్లు పైబడినవాళ్లకు రెన్యువల్ దాకా ఆగకుండా పరీక్ష పెట్టాలనీ, చిత్తవైకల్యం అనుమానం వస్తే డాక్టరుకు చూపించాల్సిందేననీ 2015లోనే చట్టం మార్చారు. అమల్లోకి వచ్చింది మాత్రం 2017 మార్చి 12న. అప్పటికి పిల్లాడు పోయి నాలుగున్నర నెలలు. 2022 మే నుంచి అలా పట్టుబడినవాళ్లు రెన్యువల్‌కి వస్తే బండి నడిపించి మరీ చూస్తున్నారు.

పట్టుబడాలి, అదీ మెలిక. ఎర్రలైటు దగ్గర బుద్ధిగా ఆగుతూ, ఇల్లెక్కడో మర్చిపోయి తిరిగే మనిషికి చలానా ఎవరు రాస్తారు? అలాంటివాణ్ణి ముందు కనిపెట్టాల్సింది ఇంట్లోవాళ్లే. తీరా కనిపెట్టి బండి తాళాలు అడిగితే, “నాకేమైంది? నిన్న కూడా నడిపాగా!” అంటాడాయన. అదీ నిజమే.