పల్లాకు తెగులు వైరస్‌లో జింకు ప్రోటీన్

మినుము, పెసర పైర్లకు పల్లాకు తెగులు తెచ్చే వైరస్ తయారుచేసే కొద్దిపాటి ప్రోటీన్లలో ఏసీ2 ఒకటి. దీని పొడవు సుమారు 135 అమైనో ఆమ్లాలు. జింకు అయాన్‌ను పట్టుకుని ఉంటేనే ఇది పని చేయగలదు. తెగులు సోకిన మొక్క తిరిగి కోలుకోలేకపోవడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరి మాగాణుల్లో రెండో పంటగా అపరాలు వేయడం పాత అలవాటు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందే నిలబడి ఉన్న చేలో మినుము, పెసర విత్తనాలు వెదజల్లుతారు. నేలలో మిగిలిన తేమతోనూ, శీతాకాలపు మంచుతోనూ పైరు పెరుగుతుంది. తెల్లదోమ ఈ పైరు మీద వాలి రసం పీలుస్తూ వైరస్‌ను ఒక మొక్క నుంచి మరో మొక్కకు చేరవేస్తుంది. మొదట లేత ఆకు మీద ఆవగింజంత పసుపు చుక్కలు కనిపిస్తాయి. అవి పెరిగి పసుపు, ఆకుపచ్చ మచ్చలు కలగలిసి, చివరికి ఆకంతా పసుపైపోతుంది. కాయలు చిన్నవై వంకర తిరుగుతాయి, గింజలు సరిగా నిండవు. పూతకు ముందే సోకితే ఆ మొక్క మీద ఆశ వదులుకోవలసిందే.

ఈ వైరస్ బెగోమోవైరస్ ప్రజాతిలోది. రెండు వలయాకార డీఎన్‌ఏలుంటాయి, ఒక్కొక్కటి సుమారు 2,700 అక్షరాల పొడవు. ఢిల్లీలో పెసర మీద కనిపించిన ఈ తెగులును నారియాని 1960లో శాస్త్రీయంగా వర్ణించారు. అప్పటికి ఈ వైరస్ లోపల ఏముందో తెలియదు.

జింకు కథ మొదలైంది మొక్కల్లో కాదు, కప్పల్లో. 1985లో ఏరన్ క్లూగ్ బృందం కప్ప అండకణాల్లోని ఒక ప్రోటీన్‌ను పరిశీలిస్తూ, అది జింకు అయాన్ల చుట్టూ మడతలు పడి డీఎన్‌ఏను పట్టుకుంటోందని ప్రతిపాదించింది. సిస్టీన్, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు జింకు చుట్టూ చేరి, చీర కుచ్చిళ్ళను పిన్నీసు పట్టినట్టు ప్రోటీన్ మడతను నిలబెడతాయి. దీన్నే జింకు ఫింగర్ అన్నారు. నాలుగేళ్ళకే, 1989లో, టొబాకో స్ట్రీక్ వైరస్ కవచ ప్రోటీన్‌లో అలాంటి భాగం ఉందని అమెరికా పరిశోధకులు చూపారు.

బెగోమోవైరస్‌ల విషయంలో 1999 కీలకమైన ఏడాది. టమాటా గోల్డెన్ మొజాయిక్ వైరస్‌లో ఏసీ2కు సాటి ప్రోటీన్ జింకునూ, ఒంటి పోగు డీఎన్‌ఏనూ పట్టుకుంటుందని హార్టిట్స్, సుంటర్, బిసారో నిరూపించారు. అదే ఏడాది వొయినె, బాల్‌కోంబ్ బృందం మరో సంగతి బయటపెట్టింది. మొక్క తనలో ప్రవేశించిన వైరస్ ఆర్‌ఎన్‌ఏను ముక్కలుగా కోసి నిశ్శబ్దం చేస్తుంది. కర్రపెండలం వైరస్‌లోని ఏసీ2 ఆ పనిని అడ్డుకుంటుంది. అయితే అడ్డుకోవడానికి జింకు అవసరమా? మరో టమాటా వైరస్‌లోని సాటి ప్రోటీన్‌లో మూడు సిస్టీన్లను మార్చి చూసిన వాన్ వెజెల్ బృందం 2002లో అవసరమేనని తేల్చింది. ఆ మార్పుతో ప్రోటీన్ వ్యాధి కలిగించే శక్తినీ, మొక్క రక్షణను అణిచే శక్తినీ కోల్పోయింది. 2005లో ట్రింక్స్, హోన్ తదితరులు మన పల్లాకు తెగులు వైరస్ ఏసీ2నే తీసుకుని, జింకు ఫింగర్ చెడితే అది పనికిరాదని చూపారు. మన రైతుకు నేరుగా సంబంధించిన పని ఇదే కాబట్టి, ఈ చరిత్రలో దీనికి ప్రత్యేక స్థానం ఇవ్వాలి. కణ కేంద్రకంలోకి చేరే ఈ ప్రోటీన్ వైరస్ జన్యువులతోపాటు మొక్క సొంత జన్యువులను కూడా మేల్కొలిపి తన పనికి వాడుకుంటుందని వారి పరిశోధన సూచించింది.

వైరస్ కవచానికీ జింకుతో పని ఉంది. టమాటా ఆకుముడుత వైరస్ కవచ ప్రోటీన్ ఒంటి పోగు డీఎన్‌ఏను పట్టుకోవడానికి జింకు ఫింగరే ఆధారమని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో కీర్తి, సావిత్రి 2003లో నిర్ధారించారు.

జింకు ప్రోటీన్ ఉన్న వైరస్ ఎంత నష్టం చేయగలదో 2000లో అనంతపురం చూసింది. అదే టొబాకో స్ట్రీక్ వైరస్ వేరుశనగకు కాండం కుళ్ళు తెచ్చి సుమారు 2,25,000 హెక్టార్లలో పంటను దెబ్బతీసింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. ఇక్కడ తెల్లదోమకు పాత్ర లేదు. వయ్యారిభామ పుప్పొడిలో వైరస్ ఉంటుంది. ఆ పుప్పొడి ఆకు మీద పడి, తామర పురుగులు గీరిన గాయాల గుండా వైరస్ లోపలికి దిగుతుంది.

పసుపెక్కిన ఆకును చూసి జింకు లోపమేమోనని జింక్ సల్ఫేట్ పిచికారీ చేసే వారున్నారు. వైరస్‌కు కావలసిన జింకు అతి స్వల్పం, అది మొక్క కణంలో ఎలాగూ దొరుకుతుంది. తెగులు జింకు లోపం వల్ల వచ్చింది కాదు కాబట్టి పైనుంచి చల్లిన జింకు దాన్ని తగ్గించదు. పోషక లోపం చేలో ఒకచోట మొక్కలన్నిటా ఒకేలా కనిపిస్తుంది, పల్లాకు మాత్రం మొదట అక్కడొకటి ఇక్కడొకటిగా బయటపడుతుంది. అలాంటి మొక్కల్ని కనబడగానే పీకి తగలబెట్టడం, విత్తనశుద్ధితో తొలిదశలో తెల్లదోమను ఆపడం, పీయూ 31 వంటి తట్టుకునే మినుము రకాలు వేయడం ప్రస్తుతం రైతు చేతిలో ఉన్న మార్గాలు.