జిల్లా పేజీలోకి వచ్చిన ఆడవాళ్లు

తమ ఊరి వార్త పత్రికలో ఏ పేజీలో వస్తుందన్నది గూడూరు వాళ్లకు చిన్న విషయం కాదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడి గూడూరు తిరుపతి జిల్లాలో చేరినప్పుడు నెల్లూరులోనే ఉంచమని జనం గట్టిగా అడిగారు. కలెక్టరాఫీసు దూరం, కోర్టుల దూరం, బస్సుల సంగతి అన్నీ చెప్పుకున్నారు. పైకి అంతగా చెప్పుకోని బాధ ఇంకొకటి ఉండేది. పొద్దున్నే పేపరు తెరిస్తే జిల్లా పేజీల్లో నెల్లూరు వార్తల బదులు తిరుపతి వార్తలు. నిమ్మకాయల ధర ఎక్కడ చూడాలి, కోటలోనో చిల్లకూరులోనో పోయిన మనిషి ఫొటో ఎక్కడ వెతకాలి అనే తికమక. జిల్లా పేజీ అంటే మనవాళ్లెవరో చెప్పే పట్టీ. ఆ పట్టీలోకి ఎవరు ఎప్పుడు ఎక్కారు, ఎలా జారిపోయారు అన్నదే ఈ ప్రాంతపు బహిరంగ జీవితానికి అసలు చరిత్ర అని నా అభిప్రాయం.

నెల్లూరుకు పత్రికలు కొత్త కాదు. 1885లోనే పూండ్ల రామకృష్ణయ్య నెల్లూరు నుంచి ‘అముద్రిత గ్రంథ చింతామణి’ నడిపారు. అచ్చుకాని ప్రాచీన కావ్యాలను వెలికితీసి అచ్చువేయడం దాని పని. చదివేవాళ్లు పండితులు, రాసేవాళ్లూ పండితులే. నెల్లూరు చెరువు ఎండినా, గూడూరు పక్క అభ్రకం గనిలో మనిషి పోయినా ఆ పత్రికకు సంబంధం లేదు. అది దాని తప్పని అనను. ఆ రోజుల్లో అక్షరం చేరిన చోటల్లా అంతే.

అక్షరం వీధిలోకి రావడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. 1930 ప్రాంతంలో నెల్లూరు వెంకట్రామానాయుడు మొదలుపెట్టిన ‘జమీన్ రైతు’ వారపత్రిక పేరులోనే దాని పక్షం ఉంది. గూడూరుకు పడమటగా ఉన్న వెంకటగిరి సంస్థానం రైతులకు జమీందారుతో శిస్తుల తగాదా, పుల్లరి తగాదా, అడవి మీద హక్కుల తగాదా. రాజావారి మీద పితూరీ అంతకు ముందు అర్జీలోనే ఉండేది, అది కూడా చేతులు కట్టుకొని ఇచ్చే అర్జీ. జమీన్ రైతు వచ్చాక అదే సంగతి పదిమంది ఎదుట చదివే మాటయింది. నెల్లూరు వాళ్ల సహజమైన వెటకారం దానికి బాగా అబ్బింది. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చి జమీందారీలను ముగించినా, ఆ పత్రిక మాత్రం నిలిచింది.

అయితే ఆ రైతు మగవాడు, భూమి ఉన్నవాడు లేదా కనీసం కౌలుపట్టా ఉన్నవాడు. ఆడవాళ్లు బహిరంగ జీవితంలో లేరని కాదు. పొట్లపూడికి చెందిన పొణకా కనకమ్మ స్వాతంత్ర్యోద్యమంలో ముందుండి నడిచారు. 1921 ఏప్రిల్ 7న గాంధీ చేతులమీదుగా పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం మొదలవడంలో ఆమె పాత్ర ఉంది. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. కానీ కనకమ్మ కలిగిన కుటుంబపు మనిషి. సైదాపురం, గూడూరు చుట్టుపక్కల షెడ్లలో కూర్చొని అభ్రకం పలకలు చీల్చి, ఏరి, వేరుచేసిన ఆడకూలీల పేర్లు ఏ పత్రికలో వెతికినా కనబడవు. అభ్రకం వార్త అంటే ఎగుమతి ధర.

కులం సంగతీ అంతే. 1946లో పొట్టి శ్రీరాములు నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులకు ప్రవేశం ఇవ్వాలని నిరాహారదీక్ష చేశారు. ఆ తర్వాతి ఏళ్లలో హరిజనోద్ధరణ నినాదాలు రాసిన అట్టలు ఒంటికి తగిలించుకొని, చెప్పులూ గొడుగూ లేకుండా నెల్లూరు ఎండలో తిరిగేవారు. ఆ మనిషిని చాలామంది పిచ్చివాడనుకున్నారు. తర్వాత ఆంధ్రరాష్ట్రం కోసం ప్రాణమిచ్చాక విగ్రహాలు పెట్టారు. ఇప్పుడు విగ్రహం కింద ఆంధ్రరాష్ట్రం మాట ఉంటుంది, మెడలో అట్ట మాట చాలామందికి తెలియదు.

ఇక్కడ మందు సంగతి కొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలి. 1937లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలో సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించారు. అంటే మన పక్క జిల్లా దేశంలోనే తొలి నిషేధపు జిల్లాల్లో ఒకటి. 1954 నవంబరులో ప్రకాశం పంతులు మంత్రివర్గం పడిపోయింది కూడా మద్యనిషేధం గొడవమీదే, ఒక్క ఓటు తేడాతో. ఇవన్నీ పెద్దమనుషుల చర్చలు. గాంధీ సిద్ధాంతం ఒకవైపు, ఖజానా మరోవైపు. తాగి వచ్చిన మొగుడి చేత దెబ్బలు తిన్న మనిషిని ఆ చర్చల్లో ఎవరూ ఏమీ అడగలేదు. 1960ల చివరికి నిషేధం సడలింది, సారా పాటలు మళ్లీ మొదలయ్యాయి. 1980లలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ‘వారుణి వాహిని’ పేరుతో సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో నింపి పల్లెపల్లెకూ పంపింది. అంతకు ముందు సారా తాగాలంటే దుకాణం దాకా నడవాలి. ఇప్పుడు ప్యాకెట్ చేలోకి, కల్లంలోకి, ఇంటి ముంగిట్లోకి వచ్చింది. రాష్ట్ర ఎక్సైజు రాబడి 1970-71లో 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. ఆ కోట్లు కూలిడబ్బుల్లోంచి వచ్చినవి.

సరిగ్గా ఈ కాలంలోనే పత్రిక రూపం మారింది. 1974లో విశాఖపట్నంలో మొదలైన ‘ఈనాడు’ 1982లో తిరుపతికి వచ్చింది. 1989లో ప్రతి జిల్లాకూ విడిగా చిన్న సైజు అనుబంధం ఇవ్వడం ప్రారంభించింది. ఇది చూడటానికి వ్యాపారపు ఎత్తుగడే. చిన్న ఊళ్ల దుకాణదారుడి ప్రకటన రావాలంటే ఆ ఊరి వార్త ఉండాలి. కానీ రోజూ అన్ని పేజీలు నింపాలంటే కలెక్టరు సమావేశాలూ మంత్రి పర్యటనలూ సరిపోవు. అచ్చయిన వార్త కొలతను బట్టి డబ్బులొచ్చే మండల విలేకరికి బోరు చెడిపోయినా వార్తే, బడిలో అయ్యవారు రాకపోయినా వార్తే. పల్లె మీద ప్రేమ పుట్టి ఇదంతా జరిగిందని నేను నమ్మను. ఖాళీ పేజీ ఆకలి అది. ఆ ఆకలే పల్లె ఆడవాళ్లకు పనికొచ్చింది.

1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో ‘అక్షరదీపం’ పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రిళ్లు లాంతరు చుట్టూ, వీధిదీపం కింద కూలీ ఆడవాళ్లు పలకలు పట్టుకున్నారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం. మొగుడి తాగుడికి బలైన ఆడమనిషి కథ. ఆడవాళ్లు ఏకమై సారా దుకాణాన్ని ఎత్తేయించిన పాఠం ఇంకొకటి. కలిగిరి మండలం దూబగుంటలో ఆ ఆడవాళ్లు పాఠాన్ని పాఠంలా వదలలేదు. కల్లుబండిని తరిమి, సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడు పైకి వచ్చింది, తర్వాత ‘దూబగుంట రోశమ్మ’గా స్థిరపడింది. మొదట్లో అది రెండు మూడు ఊళ్ల గొడవే. అలాంటి గొడవ అంతకుముందు ఏ ఊళ్లో జరిగినా ఊరి పొలిమేరలోనే చచ్చిపోయేది.

ఈసారి జిల్లా పేజీ ఉంది. ఒక ఊరివాళ్లు చీపుర్లు, కారంపొడి పట్టుకొని ప్యాకెట్ల మూటలు తగలబెట్టిన సంగతి మర్నాడు పొద్దునకల్లా పక్క మండలం టీకొట్టులో ఉంది. రాత్రిబడిలో దాన్ని ఒకరు పైకి చదివితే మిగతావాళ్లు విన్నారు. అప్పుడే కూడబలుక్కొని చదవడం నేర్చుకున్నవాళ్లకు పుస్తకంలో సీతమ్మా, పేపర్లో పక్క ఊరి మనిషీ ఒకే రోజు దొరికారు. 1992 సెప్టెంబరులో నెల్లూరులో సారా దుకాణాల వేలం వేయబోతే ఆడవాళ్లు వందలుగా వచ్చి అడ్డుపడ్డారు. వేలం పదే పదే వాయిదా పడింది. ఈనాడు ‘సారాపై సమరం’ పేరుతో రోజూ ఒక పేజీ కేటాయించింది. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది.

అప్పటి ముఖ్యమంత్రి ఎవరయ్యా అంటే గూడూరు తాలూకా వాకాడు బిడ్డ నేదురుమల్లి జనార్దనరెడ్డి. సొంత జిల్లాలో వేలం ఆగిపోతుంటే ఆయన హైదరాబాదులో ముఖ్యమంత్రిగా ఉన్నారు. ఆ అక్టోబరులో ఆయన పదవి పోయింది గానీ దానికి కారణం సారా కాదు, ప్రైవేటు వైద్యకళాశాలల అనుమతుల గొడవ. ఆ సమయంలోనే ఇంకో పెద్ద దినపత్రిక ‘ఉదయం’, దాసరి నారాయణరావు 1984లో పెట్టినది, మద్యం వ్యాపారి మాగుంట సుబ్బరామిరెడ్డి చేతిలో ఉంది. అంటే ఒక పత్రిక యజమాని వ్యాపారం మీదే పల్లె ఆడవాళ్లు తిరగబడ్డారు. రెండో పత్రిక ఆ తిరుగుబాటును నెత్తికెత్తుకుంది, కానీ అది అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న తెలుగుదేశానికి దగ్గర. వారుణి వాహిని తెచ్చినది ఆ పార్టీయేనన్న సంగతి ఆ సందడిలో మరుగున పడింది. దీన్ని పట్టుకొని ‘ఉద్యమమంతా పత్రిక సృష్టే’ అన్నవాళ్లున్నారు. ఆ మాట దూబగుంట ఆడవాళ్లకు అన్యాయం. కొట్టు మూయించిన రోజు వాళ్ల వెనుక ఏ పత్రికా లేదు.

నిషేధం అన్నిచోట్లా ఇలా కిందినుంచి రాలేదు. పాకిస్తాన్‌లో 1977 ఏప్రిల్‌లో ప్రధాని జుల్ఫికర్ అలీ భుట్టో మద్యాన్ని నిషేధించారు. ఎన్నికల గొడవల్లో మతపక్షాలను చల్లార్చడానికి పైనుంచి వచ్చిన ఉత్తర్వు అది. తాగుబోతుల భార్యలు అడిగితే వచ్చింది కాదు. కొన్ని నెలలకే ఆయన ప్రభుత్వమే పోయింది. అడిగింది ఎవరన్నది ఇక్కడ తేడా. మనదగ్గర ప్రభుత్వం ఇష్టం లేకుండా, రాబడి లెక్కలు వేసుకుంటూ, తప్పక దిగి వచ్చింది. కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించింది. 1994 డిసెంబరులో ఎన్.టి.రామారావు గెలిచి ప్రమాణస్వీకారం చేస్తూనే మద్యనిషేధం మీద సంతకం పెట్టారు. 1995 జనవరిలో అమల్లోకి వచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. సారా పోయింది, సీసా తిరిగొచ్చింది.

ఆ మలుపులో ‘సారాపై సమరం’ లాంటి పేజీ మళ్లీ కనబడలేదు. నిషేధం ఎత్తేసిన వార్తలో ఖజానా లోటు, పొరుగు రాష్ట్రాల నుంచి దొంగసరుకు, పర్యాటకం లాంటి మాటలు ముందుకొచ్చాయి. ఆడవాళ్లు ఉద్యమం నుంచి పొదుపులోకి మళ్లారు. నెల్లూరు జిల్లాలో 1993లో ‘పొదుపులక్ష్మి’ వచ్చింది. సారాకు పోయే డబ్బులో రోజుకో రూపాయి దాచుకోవడం. తర్వాత రాష్ట్రమంతా పరుచుకున్న మహిళా సంఘాలకు అది దారి వేసింది. పనికొచ్చిన పనే, కాదనను. కానీ పేపర్లో వాళ్ల స్థానం చూడండి. 1992లో ఒక ఊరి పేరు, ఒక ఆడమనిషి పేరు, ఆమె ఏమన్నదో రాసేవారు. ఇప్పుడు రుణాల చెక్కు పట్టుకున్న వరుస ఫొటో, కింద ఎమ్మెల్యే పేరు, అధికారుల పేర్లు, చివర ‘సంఘ సభ్యులు పాల్గొన్నారు’.

టీవీలు వచ్చాయి, 2008లో ‘సాక్షి’ వచ్చింది. పత్రికకొక పార్టీ, పార్టీకొక చానెల్ అన్న పంపకం బాహాటమైంది. ఒకే మద్యం విధానం ఒక పేపర్లో దోపిడీ, ఇంకో పేపర్లో సంస్కరణ. ప్రభుత్వం మారగానే రెండూ మాటలు మార్చుకుంటాయి. 2016లో రోశమ్మ చనిపోయినప్పుడు నివాళులు ఘనంగానే రాశారు. 2019 అక్టోబరు నుంచి దుకాణాలు ప్రభుత్వమే నడిపింది. దశలవారీ నిషేధం అన్నారు, ధరలు పెంచారు. 2024 అక్టోబరు 16 నుంచి మళ్లీ ప్రైవేటు దుకాణాలు తెరిచారు. అంతకు రెండు రోజుల ముందు రాష్ట్రంలో 3,396 దుకాణాలకు లాటరీ తీశారు. దరఖాస్తుకు తిరిగిరాని రుసుము 2 లక్షల రూపాయలు. జిల్లా కేంద్రాల్లో లాటరీ తీస్తుంటే చానెళ్లు చూపించాయి. ఎవరికి ఎన్ని వచ్చాయన్నది మర్నాటి జిల్లా పేజీల్లో పెద్ద వార్త. 1992లో వేలాన్ని ఆడవాళ్లు ఆపిన నెల్లూరులోనూ లాటరీ సాఫీగా ముగిసింది.

లాటరీలో ఆడవాళ్ల పేర్ల మీదా దుకాణాలు వచ్చాయి. దాన్ని పత్రికలు విశేషంగా రాశాయి. ఆ పేర్లలో ఎన్ని నిజంగా వాళ్లవో, ఎన్ని ఇంటి మగవాళ్లు వాళ్ల ఆధారు కార్డుతో వేసినవో తేల్చాలంటే మండల విలేకరి ఆ ఇంటి తలుపు తట్టి ఆమెనే అడగాలి. నేను చూసిన పేజీల్లో ఎవరూ తట్టినట్టు లేదు.