శ్రీకాకుళపు సన్నబట్ట

తమిళభాషలో కలింగమను మాటకు బట్ట యని యర్థము కలదు. సంగకాలపు కవులు వాడిన మాట యిది. ఒక దేశముపేరు వేరొక దేశపు భాషలో వస్త్రమునకు పేరైన దనిన, ఆ దేశమునుండి యెంత బట్ట యెన్ని తరములు ఎగుమతి యయ్యెనో చదువరులే యూహింపగలరు. కౌటిల్యుని యర్థశాస్త్రము మేలైన నూలుబట్టలు దొరకు దేశములను లెక్కించుచు మధుర, అపరాంతము, కాశి, వంగము మున్నగువానితో కళింగమును గూడ చేర్చినది. ఆ కళింగమున దక్షిణభాగమే నేటి శ్రీకాకుళము జిల్లా. వంశధార యొడ్డున ముఖలింగమును శాలిహుండమును, నది సముద్రమున గలియుచోట కళింగపట్టణమును నేటికిని ఉన్నవి. మనవారు ఈ సీమచరిత్ర వ్రాయునప్పుడు గాంగరాజుల శాసనములు చదివి, గుడిగోపురముల యెత్తు గొలిచి, యుద్ధముల తేదీలు తేల్చి తృప్తి చెందుచున్నారు. ఆ రాజుల యొంటిమీది బట్టకు నూలు వడికిన దెవరని యడిగినవారు మిక్కిలి తక్కువ.

ఆ ప్రశ్నయే యీ వ్యాసమునకు కారణము.

గోలకొండ కుతుబ్‌షాహీల కాలమున శ్రీకాకుళము ఒక సర్కారునకు ముఖ్యపట్టణము. ఫౌజుదారు షేర్ మహమ్మదుఖాను 1641లో కట్టించిన జామియా మసీదు నేటికిని ఊరిలో నున్నది. నాగావళి యొడ్డు, పాలకుల కొలువు, సమీపమున సముద్రము, వెనుక కొండలు: నూలుబట్టల వర్తకమునకు కావలసిన వన్నియు నిచ్చట గూడినవి. కొలువున్న చోట తలపాగాలకును జామాలకును సన్నబట్ట కావలెను. సన్నబట్ట కావలసిన చోట సన్ననూలు వడుకువారు నిలుతురు. ఇట్లు పట్టణమునందును చుట్టుపట్ల పల్లెలయందును మస్లిను నేత వృద్ధిపొందినది. ఆంగ్లేయులు ఊరిపేరు పలుకజాలక చికాకోల్ అనిరి. ఆ బట్ట చికాకోల్ మస్లిను అను పేరనే వారి పుస్తకముల కెక్కినది. ఊరు తనపేరు పోగొట్టుకొని బట్టకు పేరు తెచ్చినది.

1753లో ఉత్తరసర్కారులు ఫ్రెంచివారికి దక్కెను. 1759లో కర్నల్ ఫోర్డు వారిని వెడలగొట్టెను. 1765లో మొగలుచక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాముతో సంధి, వీనివలన అవి ఆంగ్లకంపెనీ వశమైనవి. ఈ తేదీలు బడిపిల్లలకును కంఠస్థమే. కాని నేతవాని గుమ్మములో జరిగిన మార్పు ఈ తేదీలలో లేదు. అంతకుముందు బట్ట కొనువా రనేకులు: స్వదేశపు కోమట్లు, ఫ్రెంచివారు, డచ్చివారు, ఆంగ్లేయులు. ఒకడు ధర తగ్గించిన నింకొకనికి అమ్మవచ్చును. కొనువాడే రాజయిన పిమ్మట అట్టి వీలు పోయినది. కంపెనీ దళారులద్వారా బయానా యిచ్చెడిది. బయానా పుచ్చుకొన్నవాడు ఒప్పుకొన్న బట్ట తీరువరకు ఇతరులకు నేయరాదు. నేత సాంద్రతను పుంజములలో లెక్కించెడివారు. వెడల్పులో పడుగు పుంజము లెన్ని యెక్కువైన బట్ట యంత మేలు. నేసినబట్టను కోఠీలో విప్పి, పరికించి, తరగతులుగా నేర్పరచి, నచ్చనిదానిని త్రోసివేసెడివారు. తూకము వారిది, ముద్ర వారిది, తీర్పును వారిదే. బయానా యప్పుగా మారి తండ్రినుండి కొడుకునకు సంక్రమించిన యిండ్లు తెలుగుసీమ నేతపేటలలో కొల్లలు.

ఇచ్చట చదువరులను కొంతదూరము తీసికొనిపోవలసియున్నది. స్విట్జర్లండు దేశమున సెయింట్ గాలెన్ అను చిన్నపట్టణము కలదు. సముద్రము లేదు, ఓడరేవు లేదు, పత్తి పండదు. మఠముచుట్టు పెరిగిన ఆ యూరు మధ్యయుగములనుండి నారబట్టల వర్తకముతో బ్రతికినది. అచ్చటను బట్టను పరికించి తరగతి నిర్ణయించి ముద్రవేసెడివారు. అయితే ఆ ముద్ర వేసినది పట్టణమువారే. మంచిబట్ట యన్న పేరువలన వచ్చిన లాభము పట్టణమున నిలిచినది. నార పోయి పత్తి వచ్చిన నాడు పత్తికి మారిరి. ఇంగ్లండులో యంత్రము పుట్టగా 1801లో ఆ మఠపు భవనములలోనే నూలుయంత్రములను నిలిపిరి. పిదప బుటాపనికి మారిరి. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున బుటాబట్ట ఆ దేశపు ఎగుమతులలో అగ్రస్థానము వహించెను. ఆ దేశపు గ్లారుసు లోయవారు జావాదేశపు బాతికు బట్టల ననుకరించి అచ్చువేసి తూర్పుదేశములకే యమ్మిరి. వింటర్‌థూర్ పట్టణపు ఫోల్కార్టు సోదరులు 1851లో అచ్చటను బొంబాయిలోను ఒకేసారి దుకాణము తెరచి మన పత్తిని ఐరోపాకు చేరవేసిరి.

ఆ పట్టణమునకు కష్టము రాలేదనుట కాదు. మొదటి ప్రపంచయుద్ధానంతరము బుటాబట్టల గిరాకి పడిపోగా సెయింట్ గాలెన్ సీమ ఘోరముగా దెబ్బతిన్నది. కాని పడినప్పుడు చేతిలో కూడబెట్టిన ధనమును, బడులును, బ్యాంకులును ఉన్నవి. శ్రీకాకుళము పడినప్పుడు చేతిలో బయానాచీటియే యున్నది. స్విస్సులు తెలివిగలవా రనియు మనవారు మందబుద్ధు లనియు తలచువా రిది గమనింపవలెను. పనితనమున మనవారికి లోటులేదు. తమ సరకుమీద తామే ముద్రవేసికొను నధికారమున లోటు వచ్చినది.

1813 చార్టరుతో కంపెనీ వర్తకపు గుత్త పోయెను, 1833 చార్టరుతో వర్తకమే పోయెను. అప్పటికే మన సన్నబట్టలమీద ఇంగ్లండులో భారీసుంకములు పడియుండెను. అచ్చటి మిల్లునూలుమాత్ర మిచ్చటికి స్వేచ్ఛగా దిగుచుండెను. ఈ పతనమును గూర్చి వ్రాయువారు నేతవాని దుఃఖమునే చెప్పుదురు. కాని మొదట మునిగినది నేతవాడు కాడు, వడుకునది. మిల్లునూలు చవుకగా దొరకినప్పుడు మగ్గము నిలువలేదు, ఆ నూలుతో ఆడుచునే యుండెను. రాట్నముమాత్రము మూలబడెను. మగ్గము పురుషునిది, దానికి పేరున్నది, కులసంఘమున్నది, పన్నులచిట్టాలో చోటున్నది. రాట్నము స్త్రీలది. వితంతువు, కొడుకులు లేని ముసలిది, పరదాచాటు యిల్లాలు, వీరికి అన్నముపెట్టిన పనిముట్టు ఏ చిట్టాలోను లేకుండ పుట్టి, ఏ చిట్టాలోను లేకుండ పోయినది. ఎన్ని వేల రాట్నములు ఆగిపోయెనో లెక్కించిన దొర యొక్కడును లేడు. స్త్రీవిద్యను గూర్చియు వితంతువుల దుస్థితిని గూర్చియు పత్రికలలో వాదించుకొన్న మన పెద్దలును, ఆ వితంతువు చేతిలోనుండి కదురు జారిపోయిన సంగతిని విశేషముగ పట్టించుకొన్నట్లు కానరాదు.

అయినను ఒకచోట కదురు ఆగలేదు.

పొందూరు శ్రీకాకుళమునకు పడమటగా సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్న ఊరు. ఇచ్చట పట్టుసాలి స్త్రీలు వడుకుదురు, దేవాంగులు ముఖ్యముగా నేయుదురు. పత్తి ఈ ప్రాంతపుదే: కొండపత్తి, ఎఱ్ఱపత్తి, పునాసపత్తి. వీని పింజ పొట్టిది. మిల్లుయంత్రములు దీర్ఘమైన పింజనే కోరును గనుక మిల్లువానికి ఇది పనికిమాలినది. పనికిమాలిన పత్తినుండి 100 మొదలు 120 కౌంటు వరకు నూలుతీయు విద్య వీరిది. కౌంటనగా నేమో చెప్పవలెను. 840 గజముల చిలపలు ఎన్ని కలిసిన ఒక పౌను తూగునో అంత కౌంటు. అనగా 100 కౌంటు నూలు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాములు, పరచినచో 84,000 గజములు. పలాసనుండి శ్రీకాకుళమువరకు గల బాటంత పొడవు.

ఆ దారము తీయువిధము చూడదగినది. గింజతోనున్న పత్తిని మొదట వాలుగచేప దవడ యెముకతో దువ్వుదురు. ఆ దవడలోని చిన్నపండ్లు సన్నని దువ్వెనవలె పింజలోని చెత్తను ఈడ్చి, పోగులను ఒకవైపునకు తీర్చును. ఇనుప దువ్వెనలు పెక్కు వచ్చినను ఈ పనికి చేపదవడను మించినది నేటికిని దొరకలేదు. పిదప పలకమీద పత్తి నుంచి ఇనుపకడ్డీ దొర్లించి గింజ విడదీయుదురు. సన్ననివింటితో దూది యేకుదురు. ఏకులుచుట్టి, చేతిచెమట తగులకుండ ఎండిన అరటిదొప్పలో నుంచుకొని వడుకుదురు. రాట్నము 24 ఆకులు గల పెద్దచక్రము, ఒక్కటే కదురు. అన్ని పనులును ఒక్కస్త్రీ చేతిమీదనే జరుగును. మిల్లులో ఒక్కొక్క యంత్రము చేయుపని ఇచ్చట ఒక్కొక్క వ్రేలు చేయును. ఒక మగ్గమునకు చాలినంత నూలు కావలెనన్న పెక్కు రాట్నములు తిరుగవలెను.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో సమావేశమైన అఖిలభారత కాంగ్రెసుసంఘము దేశమున 20 లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించినది. పొందూరుబట్ట ప్రశస్తివిని గాంధీజీ ఆ యేడు తనకుమారుడు దేవదాసును పంపి విచారింపజేసెనని పొందూరువారు చెప్పుకొందురు. దేశమున తక్కినచోట్ల రాట్నము తిప్పుట నేర్పవలసివచ్చినది. ఇచ్చట మాత్రము నేర్చినవారు అదివరకే కూర్చుండి వడుకుచుండిరి. 1925లో అఖిలభారత చరఖాసంఘము, 1949లో పొందూరులోనే ఆంధ్ర సన్న ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము ఏర్పడినవి. ఈ సంఘపు భవనమునకు 1955లో వినోబాభావే శంకుస్థాపన చేసెను. పిదప పొందూరు పంచె నాయకుల వేషమైనది. నటుడు అక్కినేని నాగేశ్వరరావు ధరించి దానికి మరింత ప్రసిద్ధి తెచ్చెను.

కీర్తి యిట్లు పెరుగగా కూలి సంగతి యేమి? ఈ చిక్కు క్రొత్తది కాదు. వడుకువారికి ఎనిమిది గంటల పనికి ఎనిమిదణాలు రావలెనని గాంధీజీ 1935లో వాదించెను. ఖద్దరు వెల పెరిగిన కొనువా రుండరని ఖాదీకార్యకర్తలే భయపడిరి. తుదకు సంఘ మంగీకరించిన కూలి ఆ యెనిమిదణాలకు చాల తక్కువ. ఆ వాదములో గాంధీజీయే సరియని నా యభిప్రాయము. చవుకగా నుండవలసినది మిల్లుబట్ట. చేపదవడతో దువ్వి తీసిన నూలును చవుకగా కోరుట, వడుకుదాని ఆయువును చవుకగా కోరుటయే. బట్ట కట్టి సభకు పోవువారు దాని నేతను మెచ్చుకొందురు, వెలకు బేరమాడుదురు. ప్రభుత్వపు రాయితీలు వచ్చినప్పుడు రాట్నము కొంత ఊపిరి పీల్చుకొనును, ఆలస్యమైనప్పుడు మరల ఉక్కిరిబిక్కిరి యగును.

జిల్లా ఈశాన్యభాగమునకు పోయిన ఇదే కథ వేరురూపమున గనుపడును. టెక్కలి, పలాస, ఉద్దానములు 1936వరకు గంజాము జిల్లాలోనివి. శ్రీకాకుళము వేరుజిల్లా యైనది 1950 ఆగస్టు 15న. 1890లలో తూర్పుకోస్తా రైలు వచ్చెను. 1900లో నౌపడానుండి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి చిన్నరైలు పడెను. అంతతో కళింగపట్టణము, బారువ రేవుల వర్తకము క్రమముగ నెండిపోయినది. బట్ట పోయిన ఓడలలో మనుష్యులు పోయిరి: ఈ తీరపు కూలీలు వేలకొలది రంగూను చేరిరి, 1942లో జపానుదాడికి జడిసి యేమియు మిగులక మరలిరి. ఉద్దానము కొబ్బరి, పనస, జీడితోటల సీమ. పలాస జీడిపప్పునకు దేశమెల్ల పేరు. అచ్చటను గింజ కొట్టి పప్పు ఒలుచునది స్త్రీయే. జీడిరసము వ్రేళ్లను కాల్చును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసకడ తీరముదాటి ఉద్దానపు తోటలను నేలమట్టము గావించినప్పుడు తోటలవారికి కలిగిన నష్టమును లెక్కించిరి, అది న్యాయమే. పప్పు ఒలుచుదాని కూలిదినములు ఎన్ని పోయెనో ఆ లెక్కలో అంతగా కానరాదు. 2023లో మూలపేటయొద్ద క్రొత్తరేవునకు శంకుస్థాపన జరిగినది. ఆ రేవునుండి పోవు సరకుమీద ఎవరి ముద్ర యుండునో చూడవలసియున్నది.

పొందూరులో నేడు రాట్నముముందు కూర్చున్నవారిలో పెక్కురు వయసు మీరినవారు. చూపు మందగించినను వేలికొనకు దారము తెలియును గనుక వడుకుచున్నారు. కూతుండ్రు బడికి పోయిరి, కొందరు పట్టణములలో కొలువులకు పోయిరి. వారిని తప్పుపట్ట వీలులేదు. ఇంటిలో మరల రాట్నము తిరుగవలెనన్న కూతురు మొదట అడుగునది నూలు సన్నదనమును గాదు, దినమునకు గిట్టు కూలిని.