దేవుని నమ్మకత్వం: ఒంగోలు విశ్వాసుల అనుభవం

హింసలో ఉన్న విశ్వాసులను దేవుడు విడువడన్నది బైబిలులో పదేపదే వినిపించే నమ్మిక. థెస్సలొనీక వదిలి వెళ్లాల్సి వచ్చిన పౌలు, అక్కడి సంఘానికి రాసిన రెండో పత్రికలో ఇదే ధైర్యం చెప్పాడు.

తెలుగునాట దీనికి గట్టి నిదర్శనం ఒంగోలు ప్రాంతపు మాదిగ క్రైస్తవులు. తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొందాడు. ఆయన బాట పట్టినవారు చచ్చిన పశువుల మాంసం తినడం, జాతరల్లో డప్పు కొట్టడం, ఆదివారం పని చేయడం మానుకున్నారు. ఊరి పెద్దలు వారికి బావులు, అంగళ్లు అందకుండా చేశారు. కూలి లేనిదే పూట గడవనివారు అయినా వెనుదిరగకపోవడం అసాధారణం. 1876–78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో పని చూపించాడు. సాయం కోసమే చేరుతున్నారన్న మాట రాకుండా అప్పటికి బాప్తిస్మాలు ఆపాడు. అవి తిరిగి మొదలయ్యాక, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.