మా కాళ్ళకూ ఒక చరిత్ర ఉంది

మా దాదా కాళ్ళకి చెప్పుల్లేవు. మా అబ్బా కాళ్ళకి చెప్పులుండేవి గానీ ఒకరోజు రోడ్డు మీద వదిలేసి పరిగెత్తాల్సి వచ్చింది. మా భాయ్‌జాన్ కాళ్ళకి ముప్ఫై నాలుగేళ్ళు కంపెనీ బూట్లున్నాయి. 2018లో రిటైరయ్యాక ఆయన తన డబ్బుతో, తన పాదం కొలతతో ఒక జత బూట్లు చేతికుట్టుతో కుట్టించుకున్నాడు. ఆ జత ఖరీదు వినగానే మా ఇంట్లో అమ్మీ దగ్గర్నుంచి పిల్లల దాకా అందరం నవ్వాం. ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో తర్వాత ఆలోచించాం. ఈ వ్యాసం ఆ ఆలోచనే.

మా వూరు విశాఖపట్నం. రేవు పక్కన మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా. వచ్చే పోయే ఓడలు దర్గాకి జెండా దించి సలాం చేసేవని మా పెద్దలు చెప్పేవాళ్ళు. ఆ దర్గా మెట్లు ఎక్కేటప్పుడు అందరూ చెప్పులు విడుస్తారు. మా దాదాకి విడవడానికి ఏమీ ఉండేది కాదు. 1933లో రేవు తెరిచారు. మధ్య పరగణాల నుంచి రైల్లో వచ్చిన మాంగనీసు ఖనిజాన్ని ఓడలకెక్కించే కూలీల్లో ఆయనొకడు. ఎండకి కాలిన ఇనుపపట్టా మీద, గులకరాయిలా గుచ్చుకునే ఖనిజం మీద వట్టికాళ్ళతో నడిచాడు. ఆయన మడమల్లో పగుళ్ళు ఎంత లోతుగా ఉండేవంటే, రాత్రిపూట మా నానమ్మ వాటిలో ఆముదం పోసేదట. ‘రాసేది’ అనలేదు, ‘పోసేది’ అన్నారు.

చెప్పు అనేది ఈ దేశంలో కాలికి మాత్రమే సంబంధించింది కాదు. ఎవరు తొడుక్కోవచ్చు, ఎవరి ముందు విడవాలి, ఎవరి వీధిలో చేత పట్టుకుని నడవాలి... వీటన్నిటికీ రాసినవీ రాయనివీ చట్టాలుండేవి. మన పల్లెల్లో దళితుడు పైకులాల వీధిలోకి వస్తే చెప్పులు చేతికి రావాల్సిందే. తెల్లదొర కూడా ఈ పాఠం నేర్చుకున్నాడు. దేశీ జోళ్ళతో కచేరీలోకి వచ్చిన వాణ్ణి వాకిట్లోనే విప్పించాడు. 1854లో కలకత్తా ప్రభుత్వం ఒక వెసులుబాటు ఇచ్చింది. ఇంగ్లీషు తరహా బూట్లు తొడుక్కున్న దేశీ పెద్దమనుషులు దర్బారుల్లో వాటిని విప్పనక్కర్లేదు. 1874కి ఆ వెసులుబాటు కోర్టులతో సహా దేశమంతటికీ వచ్చింది. అంటే ఏమిటి? అదే పాదం, అదే తోలు. కుట్టుబడి మారితే మర్యాద మారింది! బూటు మీద మనవాళ్ళకున్న మోజుని వెక్కిరించేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. అది మోజు మాత్రమే కాదు. తలెత్తుకు నిలబడడానికి కొనుక్కున్న టిక్కెట్టు.

తోలు తలమీదికెక్కితే మరో కథ. 1805లో మద్రాసు సైన్యం సిపాయిలకి కొత్త తలపాగా పెట్టమంది. దానికి తోలుతో చేసిన కుచ్చు. బొట్టు, గడ్డాల మీద కూడా ఆంక్షలు. 1806 జులై 10న వెల్లూరు కోటలో హిందూ సిపాయీ ముస్లిం సిపాయీ కలిసి తిరగబడ్డారు. మన పాఠ్యపుస్తకాల్లో 1857 తూటా కొవ్వు ఉంటుంది. తెలుగువాళ్ళూ ఉన్న ఈ మద్రాసు సైన్యం తోలుకుచ్చు మాత్రం ఒక్క వాక్యంలో పోతుంది.

ఇంతకీ ఆ తోలు ఎవరు చేశారు?

చచ్చిన గొడ్డుని ఊరి చివరికి ఈడ్చింది మాదిగ. చర్మం ఒలిచింది మాదిగ. సున్నంలో నానబెట్టి, వెంట్రుక గీకి, లందలో తంగేడు చెక్క వేసి, కరక్కాయ వేసి, వారాల తరబడి తిరగేసి పదును చేసింది మాదిగ. తంగేడు పువ్వుని బతుకమ్మలో పేర్చే చేతులు, తంగేడు చెక్కతో లంద కలిపే చేతుల్ని ముట్టుకోలేదు. పైకులాల షావుకార్లు తోలుని మైల అన్నారు. మైల అన్నచోట వ్యాపారం ఖాళీగా ఉండిపోయింది. ఆ ఖాళీలోకి వచ్చినవాళ్ళలో ముస్లిం వర్తకులు ముఖ్యులు. మద్రాసు పెరియమేటు తోళ్ళ మండీలు, ఉత్తర ఆర్కాటులో వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట తోలు ఊళ్ళు అలా పెరిగాయి. అప్పట్లో మన కోస్తా, సీమ జిల్లాలు కూడా మద్రాసు రాజధానిలోవే.

తంగేడు చెక్కతో పదును చేసిన ఆ తోళ్ళు లండన్ బజారుకి వెళ్ళేవి. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సైనికుడి బూటు పైభాగానికి మద్రాసు తోలు బాగా పనికొచ్చింది. 1916లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ తోళ్ళ కొనుగోలుని తన చేతుల్లోకి తీసుకుంది. ఫ్రాన్సు బురదలో నడిచిన బూట్లలో మన తంగేడు వాసన ఉంది. అదే సమయంలో మన రేవుల్లో తోలుమూటలు మోసిన కూలీల కాళ్ళకి మాత్రం చెప్పుల్లేవు. చరిత్ర అంటే ఇదే.

మా దీన్‌లో తోలు మైల కాదు. చచ్చిన మేకని పారేస్తుంటే ప్రవక్త చూసి, దాని చర్మం పదును చేసి వాడుకోవచ్చు కదా అన్నారని హదీసు చెబుతుంది. పదును చేస్తే తోలు పాక్ అవుతుంది. పంది తోలు దీనికి మినహాయింపు అంటారు మా హనఫీ ఉలమా. అంతేకాదు, వజూ చేసి చీలమండ దాటే తోలు మోజాలు తొడుక్కున్నవాడు తర్వాతి వజూలో కాళ్ళు కడగనక్కర్లేదు. తడిచేత్తో వాటి మీద తుడిస్తే చాలు. ఇంట్లో ఉన్నవాడికి ఒక పగలూ రాత్రీ, ప్రయాణంలో ఉన్నవాడికి మూడు పగళ్ళూ రాత్రుళ్ళూ ఈ సదుపాయం. ఇంత గౌరవం తోలుకి ఇచ్చిన మతం మాది.

మరి తోలుపని చేసినవాడికి మేమిచ్చిన గౌరవమేమిటి? ఇక్కడ మేం తల దించుకోవాలి. మాలోనూ మోచీ అంటే చిన్నచూపే. పెళ్ళి సంబంధం దగ్గర ‘తోలు పనివాళ్ళటగా’ అని గొంతు తగ్గించి అనడం మేం విన్నాం. మాలోనూ తోళ్ళ షావుకారు వేరు, తోళ్ళ కూలీ వేరు. లాభం మండీలో ఆగింది. లంద నీళ్ళు కూలీ గోళ్ళలో ఆగాయి. జాషువా 1941లో ‘గబ్బిలం’ రాసి అరుంధతీసుతుణ్ణి కథానాయకుణ్ణి చేశారు. మా మోచీ మీద మేమేం రాశాం?

సరే, మళ్ళీ మా ఇంటికి వద్దాం.

1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం పుట్టినప్పుడు మా అబ్బా కుర్రాడు. నవంబరు 1న ఊళ్ళో కాల్పులు జరిగాయి. అబ్బా జనంతో పాటు పరిగెత్తాడు. చెప్పులు రోడ్డు మీదే ఉండిపోయాయి. మర్నాడు వెళ్ళి చూస్తే రోడ్డు నిండా జతలేని చెప్పులేనట. ఎవరి చెప్పు హిందువుదో ఎవరి చెప్పు ముస్లిందో ఎవరు చెప్పగలరు? ఆంధ్రుల హక్కు అన్న మాటలో ‘ఆంధ్రులు’ అంటే మేం కూడా అనే అబ్బా అనుకున్నాడు. ఇప్పటికీ మేం అలాగే అనుకుంటున్నాం. 1971లో పునాదిరాయి పడింది. ఎన్నో ఊళ్ళు లేచిపోయాయి. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. 1992 ఆగస్టు 1న ఫ్యాక్టరీని జాతికి అంకితం చేశారు. భాయ్‌జాన్ 1984లోనే చేరాడు. కంపెనీ ఆయనకి బూట్లిచ్చింది. ముందు భాగంలో ఇనుప టోపీ, అడుగున దళసరి సోలు. మా ఖాన్‌దాన్‌లో మొదటి బూట్లు అవే.

కానీ ఆ బూటు కంపెనీ బూటు. దానికి నెంబరుంటుంది, పాదం ఉండదు. ఎనిమిదో నెంబరు వాళ్ళందరికీ ఒకటే బూటు. అరిగితే పారేసి ఇంకోటి. అందుకే రిటైరయ్యాక ఆయన కోరిక విని మేం నవ్వినా, ఆయన నవ్వలేదు. “ముప్ఫై నాలుగేళ్ళు వాళ్ళ బూటుకి నా కాలు సర్దుకుంది. ఒక్కసారి నా కాలికి బూటు సర్దుకోవాలి” అన్నాడు.

తమిళనాడులో తోలుపని ఊళ్ళ వైపున్న ఒక కుట్టుపనివాడు కాగితం మీద రెండు పాదాలూ గీసుకున్నాడు. రెండూ ఒకటి కావు, ఎవరికీ కావు. ఆ కొలతకి చెక్క అచ్చు తయారుచేశాడు. పైతోలుని అచ్చు మీద సాగదీసి, లోపలి అట్టకి ఒక తోలుపట్టీతో కలిపి చేత్తో కుట్టాడు. అడుగు అట్టని ఆ పట్టీకి కుట్టాడు. మధ్యలో బెండు నింపాడు. అడుగు అరిగితే దాన్నొక్కటే విప్పి మార్చొచ్చు. పైతోలుకి ఏమీ కాదు. నెలల తర్వాత బూట్లు వచ్చాయి.

వచ్చి కరిచాయి! కొత్త చెప్పు కరుస్తుందని అందరికీ తెలుసు. ఇవి కుక్కలా కరిచాయి. మొదటి వారం రోజుకో గంట. మడమలు బొబ్బలెక్కాయి. అమ్మీ పాత ఆముదం సీసా తీసింది. బూటు కుట్టినవాడు మాత్రం నూనె ఎక్కువ పెట్టొద్దన్నాడు. తోలు మెత్తబడి పట్టు వదిలేస్తుందట. రెండు వారాలకి లోపలి అట్ట మీద వేళ్ళ గుర్తులు పడ్డాయి. బెండు నొక్కుకుని పాదం ఆకారానికి దిగింది. నెలకి వేళ్ళ దగ్గర మడతలు స్థిరపడ్డాయి. మన సముద్రం గాలికి వానాకాలం బూజు పట్టింది. తుడిచి, పాత న్యూస్ పేపర్లు కుక్కి, నీడలో ఆరబెట్టాం. ఎండలో పెడితే తోలు పగులుతుంది. మా దాదా మడమలా.

ఒకసారి ఆయన అవే బూట్లతో విజయవాడ రైలెక్కాడు. ఎదురు సీటాయన కాసేపు బూట్లు చూశాడు, కాసేపు గడ్డం చూశాడు. “ఏ తోలండీ? ఆవుదేనా?” అన్నాడు. అడిగినాయన నడుముకి తోలు బెల్టుంది. కాళ్ళకి తోలు బూట్లున్నాయి. ఆ తోలు పేరు ఆయన్ని ఎవరూ అడగలేదు, అడగరు కూడా. 2016లో ఊనాలో చచ్చిన ఆవు చర్మం ఒలిచిన దళితుల్ని కొట్టిన దేశం ఇది. 2017 మేలో పశువుల సంతల మీద కేంద్రం పెట్టిన నిబంధనల్ని జులైలో సుప్రీంకోర్టు నిలిపివేసింది. సంతల్లోని భయాన్ని ఏ కోర్టు నిలిపివేస్తుంది? భాయ్‌జాన్ ఏ జవాబూ చెప్పలేదు. పాదాలు మెల్లగా సీటు కిందికి లాక్కున్నాడు. ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు మేమెవరం నవ్వలేదు.

తోలు మీద మాకు ప్రేమే తప్ప భ్రమలు లేవు. క్రోమ్ పదును వచ్చాక వారాల పని గంటలకి దిగింది. పాలారు నీళ్ళు పాడయ్యాయి. 1996లో సుప్రీంకోర్టు ఆ టానరీల మీద తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. అక్కడ నష్టపోయిన రైతూ మనవాడే, టానరీలో చేతులు కాల్చుకున్న కూలీ మనవాడే. తోలు గొప్పది అని చెప్పి ఈ లెక్క దాచడం మాకిష్టం లేదు.

పోయిన ఏడాది బూట్ల అడుగు అరిగింది. పూర్ణా మార్కెట్ వైపు రోడ్డు పక్కన ఆరె, సుత్తి పెట్టుకుని కూర్చునే ఒక ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన బూటులోకి చెయ్యి పెట్టి తడిమాడు. “కుడికాలు మీద బరువెక్కువేస్తారు కదా బాబూ” అన్నాడు. నిజమే. ప్లాంటులో ఎడమ మోకాలికి దెబ్బ తగిలినప్పట్నుంచీ అంతే. తర్వాత అంచు కుట్టు వేలితో లెక్కపెట్టాడు. “ఇది చేతికుట్టు. మా తాత ఇలాగే కుట్టీవోడు. ఇప్పుడు మాకు అతికించడమే పని” అన్నాడు. భాయ్‌జాన్ కిందికి వంగి ఆయన పక్కన రోడ్డు మీదే కూర్చున్నాడు. ఇద్దరూ వట్టికాళ్ళతో, మధ్యలో విప్పిన బూటు పెట్టుకుని గంటసేపు మాట్లాడుకున్నారు.

ఆ గంటలో వాళ్ళు మాట్లాడుకున్నదే మా చరిత్ర. ఓడ కథ, కోట కథ, ఫర్నేసు కథ రాసిన వాళ్ళు అక్కడ లేరు. అందుకే మేం రాస్తున్నాం. ఈసారి రైల్లో ఎవరైనా ‘ఏ తోలు?’ అని అడిగితే పాదాలు వెనక్కి లాక్కోం. కూర్చోమంటాం. తంగేడు చెక్క దగ్గర్నుంచి మొదలుపెడతాం. విజయవాడ వచ్చేలోపు అయిపోయే కథ కాదది.